అరచేతి కంప్యూటరు: చవకగా కొనడం, చాలాకాలం వాడటం

అరచేతిలో ఇమిడి, సొంత బ్యాటరీతో నడుస్తూ, అవసరాన్ని బట్టి కొత్త ప్రోగ్రాములు ఎక్కించుకోవడానికి వీలున్న యంత్రమే అరచేతి కంప్యూటరు. ఇవాళ ఎక్కువమంది దగ్గర ఉన్నది స్మార్ట్‌ఫోను. పిల్లలు పాఠాలకు వాడే ట్యాబు, ఆర్టీసీ కండక్టరు టికెట్లు కొట్టే టిమ్ యంత్రం, రేషన్ డీలరు వేలిముద్ర తీసుకునే ఈ-పోస్, ఇంటింటికీ తిరిగి కరెంటు బిల్లు ఇచ్చే యంత్రం కూడా ఈ జాతివే. బాపట్ల జిల్లా అమృతలూరు వంటి మండల కేంద్రంలో పొలం కాగితాలు, పంట నమోదు, పింఛను, బ్యాంకు డబ్బు, పిల్లల చదువు అన్నీ ఏదో ఒక దశలో ఈ యంత్రాల మీదుగానే సాగుతున్నాయి. తక్కువ డబ్బుతో ఎలాంటిది కొనాలి, కొన్నదాన్ని ఎక్కువ కాలం ఎలా నిలుపుకోవాలి అన్నది అందుకే ఇంటి జమాఖర్చుకు సంబంధించిన ప్రశ్న అయింది.

చవక అన్న మాటకు రెండు లెక్కలున్నాయి. కొన్న రోజు చెల్లించినది ఒక లెక్క. ఆ యంత్రం ఎన్నేళ్లు పనికొచ్చిందో చూసి ఏడాదికి పడిన ఖర్చు రెండో లెక్క. 7,000 రూపాయల ఫోను రెండేళ్లకు మూలపడితే ఏడాదికి 3,500 పడినట్టు. 12,000 పెట్టి కొని, మధ్యలో 1,200తో బ్యాటరీ మార్పించి, అయిదేళ్లు వాడితే ఏడాదికి 2,640. ఈ రంగంలో నలభై ఏళ్లుగా జరిగిన ప్రయత్నాలన్నీ రెండో లెక్కే అసలు లెక్క అని చూపిస్తాయి.

జేబు లెక్కల యంత్రం నుంచి సింప్యూటర్ దాకా

జపానుకు చెందిన షార్ప్ సంస్థ 1980లో తెచ్చిన పీసీ-1211ను తొలి జేబు కంప్యూటర్లలో ఒకటిగా చెబుతారు. చూడటానికి క్యాలిక్యులేటరులా ఉండేది. బేసిక్ భాషలో ప్రోగ్రాములు రాసుకునే వీలు మాత్రం ఉండేది. 1996లో అమెరికాలో వచ్చిన పామ్ సంస్థ పైలట్ 1000 ఈ యంత్రాలకు కొత్త దారి చూపింది. ధర 299 డాలర్లు, జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు, నడిచేది రెండు చిన్న బ్యాటరీలతో. చిరునామాలు, తేదీలు, చేయవలసిన పనులు, చిన్న రాతలు అనే నాలుగు పనులనే అది చాలా వేగంగా చేసింది. తక్కువ శక్తి గల యంత్రానికి తక్కువ పనులు అప్పగించి, వాటిని బాగా చేయించడమే దాని విజయ రహస్యం.

భారతదేశంలో ఈ ఆలోచన బెంగళూరులో రూపుదిద్దుకుంది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు స్వామి మనోహర్ నాయకత్వంలో ఏడుగురు శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు కలిసి 1999 నవంబరులో సింప్యూటర్ ట్రస్టును స్థాపించారు. చదువు రానివారు కూడా వాడగలిగేలా బొమ్మల మీద తాకి నడిపే తెర, భారతీయ భాషల్లో చదివి వినిపించే ఏర్పాటు, లైనక్స్ వ్యవస్థ, స్మార్ట్ కార్డు పెట్టే చోటు ఆ ట్రస్టు రూపొందించిన సింప్యూటర్ యంత్రంలో ఉండేవి. స్మార్ట్ కార్డు వెనుక గొప్ప ఊహ ఉంది. ఊరంతటికీ ఒకే యంత్రం ఉండాలి, ఎవరి వివరాలు వాళ్ల కార్డులో ఉండాలి, కార్డు పెట్టగానే యంత్రం ఆ మనిషిదైపోవాలి.

2004 ఏప్రిల్‌లో అమిడా సింప్యూటర్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. ప్రారంభ ధర 240 డాలర్ల దగ్గర పడింది. ఆనాటి కూలి, జీతాలతో పోల్చితే అది పల్లె కుటుంబానికి అందని ధర. 50,000 అమ్మాలనుకుంటే 2005 నాటికి అమ్ముడైనవి సుమారు 4,000. అప్పటికే మామూలు సెల్‌ఫోను ఊళ్లలోకి వస్తోంది. మాట్లాడుకోవడం అన్న ఒక్క అవసరాన్ని అది తీర్చింది, సింప్యూటర్ తీర్చలేదు. కర్ణాటకలో భూమి రికార్డుల పనికి, గోవాలో ఇనుప ఖనిజం రవాణా లెక్కలకు సింప్యూటర్‌ను వాడారు. నిర్దిష్టమైన పని దొరికిన చోట అది నిలబడింది, అందరికీ అన్నిటికీ అన్న చోట నిలబడలేదు.

ఆకాశ్ నేర్పిన పాఠం

2011 అక్టోబరు 5న కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్ ట్యాబును విడుదల చేశారు. డేటావిండ్ సంస్థ ప్రభుత్వానికి సరఫరా చేసిన ధర రెండు వేల మూడు వందల లోపే. తొలి విడత యంత్రాల కూర్పు పని హైదరాబాదులో జరిగింది. ప్రపంచంలో అతి చవక ట్యాబుగా దానికి ఎంతో పేరు వచ్చింది.

లోపలి సరుకు మాత్రం ఆ పేరుకు సరిపోలేదు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, వేలితో గట్టిగా నొక్కితే గాని కదలని తెర, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ. పాఠం తెరిస్తే ఆలస్యం, వీడియో పెడితే నత్తనడక, మూడు గంటలకే ఛార్జింగు. 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసిన ఆకాశ్-2లో ప్రాసెసరు 1 గిగాహెర్ట్జ్‌కు, ర్యామ్ 512 ఎంబీకి పెరిగాయి. తేలికగా తాకితే స్పందించే తెర వచ్చింది. అప్పటికి బజారులో మామూలు స్మార్ట్‌ఫోన్లే అంతకన్నా ముందుకు వెళ్లిపోయాయి. ముందు ధరను నిర్ణయించుకుని, దానికి సరిపడా యంత్రాన్ని కుదించుకుంటూ పోతే పని జరగని యంత్రం మిగులుతుంది. ముందు పనిని నిర్ణయించుకుని, ఆ పనికి కనీసం ఏం కావాలో చూసి, అప్పుడు ధర తగ్గించుకోవడం సరైన క్రమం.

యడ్లపల్లి ట్యాబులు

అమృతలూరుకు దగ్గరలోనే, అదే వేమూరు నియోజకవర్గంలోని చుండూరు మండలం యడ్లపల్లిలో ఈ కథకు మరో పెద్ద ఘట్టం జరిగింది. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి అక్కడి నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. విద్యార్థులు 4,59,564 మంది, ఉపాధ్యాయులు 59,176 మంది. మొత్తం 5,18,740 ట్యాబులు. ప్రభుత్వం ప్రకటించిన కొనుగోలు ఖర్చు సుమారు 686 కోట్ల రూపాయలు, అంటే ఒక్కోదానికి 13 వేల పైచిలుకు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది.

ఈ పథకంలో యంత్రం ఎంపిక ఆకాశ్ కన్నా ఎంతో మెరుగు. 8.7 అంగుళాల తెర మీద పాఠం హాయిగా చదువుకోవచ్చు. ఇంటర్నెట్ లేని ఇళ్లను దృష్టిలో పెట్టుకుని పాఠాలను ముందుగానే ట్యాబులో నింపి ఇచ్చారు. చదువుకు సంబంధం లేనివి తెరుచుకోకుండా నియంత్రించే సాఫ్ట్‌వేరు పెట్టారు. అర లక్షకు పైగా ఉపాధ్యాయుల చేతికి కూడా అవే ట్యాబులు ఇవ్వడం వల్ల పాఠం చెప్పేవారికీ, నేర్చేవారికీ ఒకే యంత్రం తెలిసింది.

బలహీనత పాఠాల వైపు ఉంది. అందులోని పాఠ్యాంశాలను బైజూస్ సంస్థ సమకూర్చింది. 2024 జులై 16న బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ సంస్థపై దివాలా ప్రక్రియను అనుమతించింది. ఒకే సంస్థ పాఠాల మీద ఆధారపడిన యంత్రం ఆ సంస్థ ఒడుదొడుకులకు లోబడుతుంది. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, ప్రభుత్వ దీక్షా వేదికలోని పాఠాలు, ఉపాధ్యాయులే తయారుచేసిన వీడియోలు ఉంటే ఆ చిక్కు రాదు. ట్యాబు కొనే తల్లిదండ్రులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. చందా ఆగిపోతే ట్యాబు ఎందుకూ పనికిరాకుండా పోయే ఏర్పాటు మంచిది కాదు.

పనిని బట్టి యంత్రం

ఒకే పని కోసం చేసిన యంత్రాలు దీర్ఘాయుష్షు గలవి. కండక్టరు పాతరకం టిమ్ యంత్రాన్ని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నొక్కితే వేలికి తెలిసే మీటలు, ఎండలోనూ కనిపించే సాదా తెర, దెబ్బకు తట్టుకునే మందపాటి ఒళ్లు, లోపలే ప్రింటరు. దానిలో సినిమా చూడలేరు, ఆట ఆడలేరు. అందువల్లే రోజంతా కుదుపుల్లో పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్ చౌక దుకాణాల్లో 2015 నుంచి వాడుతున్న ఈ-పోస్ కూడా ఈ కోవలోదే.

మాట్లాడటం, డబ్బు పంపడం వరకే కావాలనుకునే పెద్దవాళ్లకు మీటల ఫోను చాలు. రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8న ప్రారంభించిన యూపీఐ 123పే ద్వారా ఇంటర్నెట్ లేని ఫోనులోనూ డబ్బు పంపవచ్చు. అయితే మీటల ఫోనుకూ, స్మార్ట్‌ఫోనుకూ మధ్యరకం ఫోన్లతో ఒక ఇబ్బంది ఎదురైంది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోను కైఓఎస్ వ్యవస్థ మీద నడిచేది. చిన్న తెరలోనే వాట్సాప్ దొరకడం వల్ల చాలా ఇళ్లలోకి వెళ్లింది. 2025లో వాట్సాప్ ఆ వ్యవస్థకు మద్దతు ఆపేసింది. యంత్రం బాగానే ఉన్నా, కొన్న ప్రయోజనం పోయింది. ఏ వ్యవస్థ మీద నడుస్తుందో, దానికి ఎన్నేళ్లు మద్దతు ఉంటుందో అడగడం ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

రైతుకు, చిన్న వ్యాపారికి, ఆశా కార్యకర్తకు స్మార్ట్‌ఫోను తప్పనిసరి. ఫొటో, స్థానం, వేలిముద్ర, ఓటీపీ నాలుగూ ఒకేచోట కావాలి. ఎనిమిదో తరగతి దాటిన విద్యార్థికి ఎనిమిది అంగుళాలు పైబడిన ట్యాబు మేలు, కళ్లకు శ్రమ తక్కువ. పోటీ పరీక్షలకు చదివేవారు, ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేసేవారు ట్యాబుకు చవక బ్లూటూత్ కీబోర్డు తగిలించుకుంటే చాలా పనులకు ల్యాప్‌టాప్ అవసరం ఉండదు.

నిజాంపట్నం హార్బరు నుంచి వేటకు వెళ్లే మత్స్యకారుల అవసరం వేరు. తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే సెల్ టవరు అందదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే చేపల జాడ, తుపాను హెచ్చరికలు అక్కడికి చేరవు. 2019 అక్టోబరు 9న విడుదలైన జెమిని అనే చిన్న యంత్రం గగన్ ఉపగ్రహ వ్యవస్థ నుంచి ఆ సమాచారాన్ని అందుకుని, బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతుంది. ఫోనులోని యాప్ దాన్ని తమ భాషలో చూపిస్తుంది. జెమిని నుంచి తిరిగి కబురు పంపే వీలు లేకపోవడం దాని పరిమితి. సాధారణ ఫోనుకు ఒక లోటు ఉంటే, పక్కన చిన్న యంత్రం చేర్చి ఆ లోటు తీర్చుకోవచ్చని చూపిన మంచి ఉదాహరణ ఇది.

లోపల చూడవలసినవి

దుకాణంలో కెమెరా మెగాపిక్సెళ్లే ముందు చెబుతారు. ఆయుష్షు నిర్ణయించేవి మాత్రం వేరే ఉన్నాయి.

ర్యామ్: యంత్రం ఒక్కసారిగా ఎన్ని పనులు మోయగలదో దీన్నిబట్టి ఉంటుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి తేలికరకమైన గో వ్యవస్థకే కనీసం 2 జీబీ కావాలి. బ్యాంకు యాప్, వాట్సాప్, కెమెరా మారుతూ వాడేవారికి 4 జీబీ కనీసం, 6 జీబీ ఉంటే నాలుగేళ్ల వరకు దిగులు లేదు. ప్రకటనల్లో ‘4 ప్లస్ 4’ అని రాసే రెండో నాలుగు అసలు ర్యామ్ కాదు. స్టోరేజీలో కొంత చోటును ర్యామ్‌లా వాడుకోవడం, దాని వేగం చాలా తక్కువ.

స్టోరేజీ: 64 జీబీ అని రాసినా, వ్యవస్థకే 15, 20 జీబీ పోతుంది. వాట్సాప్ ఫొటోలు, వీడియోలతో మిగతాది ఏడాదిలో నిండుతుంది. నిండిన ఫోను హ్యాంగ్ అవుతుంది, అప్‌డేట్ దిగదు. 128 జీబీ తీసుకోవడం మంచిది. మెమరీ కార్డు పెట్టే చోటు ఉంటే మరీ మంచిది. స్టోరేజీలో ఈఎంఎంసీ, యూఎఫ్‌ఎస్ అని రెండు రకాలు. యూఎఫ్‌ఎస్ సుమారు మూడు రెట్లు వేగం. ఏళ్లు గడిచే కొద్దీ ఈ తేడా చేతికి తెలుస్తుంది.

ప్రాసెసరు: పేరు కన్నా ఎన్ని నానోమీటర్ల పద్ధతిలో చేశారన్నది చూడటం తేలిక. 12 నానోమీటర్ల చిప్ కన్నా 6 నానోమీటర్ల చిప్ తక్కువ కరెంటుతో నడుస్తుంది, తక్కువ వేడెక్కుతుంది. చవక ఫోన్లలో యూనిసాక్ టీ606 మొదటి రకం, మీడియాటెక్ హీలియో జీ99, డైమెన్సిటీ 6300 రెండో రకం.

నెట్‌వర్కు: 5జీ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని సిమ్‌లకూ సరిపోదు. జియో 5జీ స్వతంత్ర పద్ధతిలో నడుస్తుంది. అందుకు ఆ పద్ధతితోపాటు ఎన్28, ఎన్78 బ్యాండ్లు ఫోనులో ఉండాలి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, గోడలు దాటి ఇంట్లోకి, దూరపు చేలలోకి చేరేది అదే. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ వాడేవారు బ్యాండ్ 28, బ్యాండ్ 1 ఉన్నాయో చూసుకోవాలి. చేలో, ఇంటి నడిమి గదిలో ఏ కంపెనీ సిగ్నల్ నిలుస్తుందో ముందు పరీక్షించి, తర్వాతే ఫోను ఎంచుకోవడం తెలివైన పని.

తెర: ఎండలో కనిపించాలంటే వెలుతురు 500 నిట్లకు తగ్గకూడదు. గట్టు మీద నిలబడి పంట ఫొటో తీసేవారికి తెర పదును కన్నా ఈ వెలుతురే ముఖ్యం.

అప్‌డేట్లు: భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో తయారీ సంస్థ ముందే చెబుతుంది. కొన్ని చవక ఫోన్లకు రెండేళ్లే. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామని ప్రకటించింది. బ్యాంకు ఖాతా ముడిపడిన యంత్రానికి ఇది మెగాపిక్సెళ్ల కన్నా ఎన్నో రెట్లు విలువైన అంశం.

తెలుగు ఎంతవరకు

అన్ని భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేత ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు తొలి కూర్పు నుంచే ఉంది. అయినా ఫోన్లలో వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుకునే దశ రావడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆండ్రాయిడ్ మొత్తాన్ని తెలుగులో పెట్టుకోవచ్చు. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి, వేలితో తెర మీద రాసే పద్ధతి మూడూ ఉన్నాయి. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాట్లాడితే టైపయ్యే సౌకర్యం తెచ్చింది. కీబోర్డు అలవాటు లేని పెద్దవాళ్లకు ఇదే అన్నిటికన్నా పెద్ద వరం. మాట వేగం తగ్గించి, వాక్యం పూర్తిచేసి ఆగితే తప్పులు తక్కువగా పడతాయి.

కొన్ని చిక్కులు మిగిలే ఉన్నాయి. ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో ఒక్క సందేశానికి 70 యూనికోడ్ గుర్తులే. ఒత్తు, గుణింతం కూడా అందులో లెక్కకొస్తాయి కాబట్టి తెలుగు సందేశం త్వరగా రెండు మూడు ముక్కలవుతుంది. ప్రెస్సుల్లో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్లు ఫోనులో గజిబిజి అక్షరాలుగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. మూడు అంతస్తుల ఒత్తులు చిన్న తెర మీద అలుక్కుపోతాయి. అందువల్ల తెలుగు చదివేవారికి ఆరున్నర అంగుళాల తెర అవసరమే. సెట్టింగుల్లో అక్షరం సైజు ఒక మెట్టు పెంచితే కంటికి సుఖం. కొనే ముందు దుకాణంలోనే భాషను తెలుగులోకి మార్చి, ఒక వాక్యం మాట్లాడి, ఒక వాక్యం టైపు చేసి చూడాలి.

కొత్తదా, వాడినదా

ఆరేడు వేల కొత్త ఫోను కన్నా, రెండేళ్ల నాటి పది పదిహేను వేల ఫోను అదే ధరకు దొరికితే తరచు అదే మేలు. దాని ప్రాసెసరు, స్టోరేజీ ఒక తరగతి పైన ఉంటాయి. అయితే నాలుగు పరీక్షలు తప్పవు. మొదటిది, *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ సంఖ్య బిల్లుతో సరిపోవాలి. కేంద్ర టెలికాం శాఖ 2023 మే 16న ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ సంఖ్య కొట్టి, దొంగిలించిన ఫోనుగా నిలిపేసి ఉందేమో చూడాలి. రెండోది, పాత యజమాని గూగుల్ ఖాతా పూర్తిగా తీసేసి ఉండాలి. లేకపోతే ఫోను రీసెట్ చేసిన తర్వాత తాళం పడుతుంది. మూడోది, అప్‌డేట్లకు ఇంకా ఎన్నాళ్లు మిగిలిందో లెక్క వేయాలి. నాలుగోది, డిస్‌ప్లే ఒరిజినలో, మార్చినదో తెలుసుకోవాలి.

కొత్తదైనా, పాతదైనా రిపేరు సంగతి ముందే అడగాలి. తెనాలిలోనో గుంటూరులోనో సర్వీసు సెంటరు ఉన్న కంపెనీ, విడిభాగాలు సులువుగా దొరికే మోడలు ఎంచుకోవాలి. డిస్‌ప్లే ఖర్చు ఫోను ధరలో సగం దాటితే, ఒక్కసారి చేయి జారితే ఫోను పోయినట్టే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది. తయారీ సంస్థల సర్వీసు, విడిభాగాల వివరాలు అందులో దొరుకుతాయి. జీరో వడ్డీ ఈఎంఐ అన్నప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, వదులుకున్న డిస్కౌంటు కలిపి చూస్తేనే అసలు ధర తెలుస్తుంది.

డెల్టా నేల మీద వాడకం

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఫోనుకు ఇద్దరు శత్రువులు, ఎండ, నీరు. తయారీ సంస్థలు ఎక్కువగా 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటాయి. వేసవిలో ఇక్కడ గాలే 40 దాటుతుంది. బైకు ట్యాంకు మీది పౌచ్‌లో, కారు అద్దం వెనుక పెట్టిన ఫోను అంతకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీని వేడి లోపలి నుంచి తినేస్తుంది. 500 సార్లు పూర్తిగా ఛార్జి అయ్యేసరికి బ్యాటరీ శక్తి సుమారు 80 శాతానికి దిగడం మామూలు. వేడిలో ఛార్జింగు పెట్టే అలవాటు ఉంటే అది ఇంకా ముందే దిగుతుంది. 20 నుంచి 80 శాతం మధ్య ఉంచుకోవడం, ఛార్జి అవుతుండగా వీడియోలు చూడకపోవడం, దిండు కింద పెట్టి ఛార్జి చేయకపోవడం బ్యాటరీ ఆయుష్షు పెంచుతాయి. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే వాడకం ఆపి, బ్యాటరీ మార్పించాలి. ఉబ్బిన బ్యాటరీ మంటకు దారితీస్తుంది.

నాట్లు, మందు పిచికారీ, కాలువ గట్లు ఉన్న చోట తడి తప్పదు. ఐపీ54 అని రాసి ఉంటే దుమ్ము, చిందే నీళ్ల నుంచి కొంత రక్షణ అని అర్థం. ఐపీ67 ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. నీరు చేరిన ఫోనుకు వారంటీ మాత్రం సాధారణంగా వర్తించదు. ఫోను నీళ్లలో పడితే వెంటనే ఆపి, సిమ్ ట్రే తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, గాలి తగిలే నీడలో నిలువుగా పెట్టాలి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మంచిది కాదు. తవుడు, పిండి రేణువులు పోర్టులోకి చేరి మరింత పాడుచేస్తాయి. పూర్తిగా ఆరకుండా ఛార్జింగు పెట్టకూడదు. పొలం పనికి వెళ్లేటప్పుడు జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరు చాలా పెద్ద బీమా.

రోజువారీ పనులు

అమృతలూరు చుట్టుపక్కల వరి కోసిన తర్వాత మొక్కజొన్న, జొన్న, మినుము వేస్తారు. ఈ పంటల క్రమంలో ఫోనుకు చాలా పని ఉంది. 2015లో వచ్చిన మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1బీ భూమి రికార్డులు చూసుకోవచ్చు. రైతు సేవా కేంద్రంలో పంట నమోదు చేసినప్పుడు సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి. కౌలు రైతులు తమ పేరే నమోదైందో లేదో తప్పక చూసుకోవాలి. ఆ నమోదే పంట నష్టపరిహారానికి, ధాన్యం అమ్మకానికి ఆధారం.

వాతావరణ శాఖ మేఘదూత్ యాప్ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా తెలుగులో పంటల సలహాలు ఇస్తుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. చేలల్లో పనిచేసే ప్రతి ఒక్కరి ఫోనులో ఇది ఉండాలి. తెగులు పట్టిన ఆకు ఫొటో తీస్తే జబ్బు పేరు సూచించే ప్లాంటిక్స్ యాప్ 2017 నుంచి తెలుగులో ఉంది. అది చెప్పిన మందును నేరుగా కొట్టకుండా, బాపట్ల వ్యవసాయ కళాశాల నిపుణులనో, స్థానిక వ్యవసాయ సహాయకులనో అడిగి నిర్ణయించడం క్షేమం. పసుపు రైతులు దుగ్గిరాల యార్డు ధరలను ఆన్‌లైన్ మార్కెట్ అయిన ఈ-నామ్‌లో చూసుకుని సరుకు తీసుకెళ్లవచ్చు.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ సేవలు ప్రారంభించింది. తొలి దశలో 161 సేవలు. 95523 00009 నంబరుకు సందేశం పంపితే కొన్ని ధ్రువపత్రాలకు దరఖాస్తు, బిల్లుల చెల్లింపు ఫోనులోనే అవుతాయి. చవక ఫోనులో పది వేర్వేరు యాప్‌లు పెట్టుకోకుండా ఒక్క వాట్సాప్‌తో పని జరగడం ర్యామ్‌కూ, స్టోరేజీకీ కలిసొస్తుంది. ఆధారు, విద్యార్హత పత్రాలను డిజీలాకర్‌లో ఉంచుకుంటే ఫోను పోయినా పత్రాలు పోవు.

జాగ్రత్తలు

జేబులోని కంప్యూటరు అంటే జేబులోని బ్యాంకు. తెరకు తాళం, యూపీఐకి వేరే పిన్, సిమ్‌కు పిన్ మూడూ పెట్టుకోవాలి. డబ్బు రావడానికి ఎప్పుడూ పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతుందని అర్థం. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, రాయితీ లింకులు నొక్కకూడదు. యాప్‌లు ప్లేస్టోరు నుంచే దించుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. మొదటి గంటల్లో చెబితే ఖాతాను నిలిపే అవకాశం ఎక్కువ. ఫోను పోతే సిమ్‌ను బ్లాక్ చేయించి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీలో ఐఎంఈఐ నిలిపివేయించాలి. అందుకే ఐఎంఈఐ సంఖ్యను బిల్లుతోపాటు ఇంట్లో ఒక కాగితం మీద రాసి ఉంచాలి. పాత ఫోను అమ్మేముందు ఖాతాలు తీసేసి, పూర్తిగా రీసెట్ చేయడం తప్పనిసరి.

తేలే నిర్ణయం

సింప్యూటర్ మంచి ఊహ, ధర అందలేదు. ఆకాశ్ ధర అందింది, పని అందలేదు. యడ్లపల్లిలో పంచిన ట్యాబులో యంత్రం బాగుంది, పాఠాలు ఒక్క సంస్థ చేతిలో ఉండిపోయాయి. జియోఫోను చేరువైంది, వ్యవస్థ మద్దతు ఆగింది. ఈ నాలుగు అనుభవాల సారం ఒకటే. ధర, శక్తి, భాష, మద్దతు నాలుగూ కలిసినప్పుడే చవక యంత్రం నిజంగా చవక.

ఇవాళ అమృతలూరు ప్రాంతంలో సాధారణ కుటుంబానికి పది, పన్నెండు వేల రూపాయల స్థాయిలో, 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ, ఎండలో కనిపించే తెర, తమ చేలో సిగ్నల్ అందే బ్యాండ్లు, నాలుగేళ్లకు తగ్గని భద్రతా అప్‌డేట్లు ఉన్న ఫోను సరైన ఎంపిక. చదువుకునే పిల్లలుంటే దానితోపాటు ఎనిమిది అంగుళాల ట్యాబు, పెద్దవాళ్లకు మీటల ఫోను చాలు. దుకాణంలో మెగాపిక్సెళ్లు అడగడం మాని, మూడు ప్రశ్నలు అడగండి: ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు, డిస్‌ప్లే, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, తెలుగు ఎలా పనిచేస్తుంది. ఈ మూడింటికీ సూటిగా జవాబు ఉన్న యంత్రాన్నే కొనండి.